ధర్నా చౌక్ పాటకు ఫైబర్ డప్పు సరిపోతుందా?

ఇనుప చట్రం, ప్లాస్టిక్ పొర, చుట్టూ బోల్టులు. హైదరాబాద్‌లో చాలా పాట బృందాల భుజాన ఇప్పుడు ఈ ఫైబర్ డప్పే కనిపిస్తోంది. వానాకాలంలో దీనికి తిరుగులేదు. తోలు గాలిలోని తేమ పీల్చుకుని సాగుతుంది, జులైలో ధర్నాలు జరిగే ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌లో ఒక జల్లు పడిందంటే మోత చచ్చిపోతుంది. ప్లాస్టిక్‌కు ఆ బాధ లేదు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట సభ అయితే తోలు బిగిసేలా హాల్లో మంటేసి డప్పు కాచుకోలేం కదా, అక్కడా స్పానర్ తిప్పితే పనైపోతుంది.

ఆ తిప్పడంలోనే చాలామంది పొర పాడుచేస్తారు. పక్కపక్క బోల్టులు వరసగా బిగిస్తే పొరను పట్టి ఉంచే పట్టీ ఒక వైపుకు గుంజుకుపోతుంది, ఆ వైపు అంచు దగ్గరే చీలిక మొదలవుతుంది. ఒక బోల్టు బిగించాక దానికి సరిగ్గా ఎదురున్నది పట్టుకోవాలి. ఒక్కసారికి పావు చుట్టుకు మించి తిప్పొద్దు. ప్రతి బోల్టు దగ్గర అంచుకు రెండు వేళ్ల లోపల పుల్లతో తట్టి, అంతటా ఒకే మోత వచ్చేదాకా సరిచూడాలి.

అసలు లోపం నాదంలో ఉంది. తోలు డప్పు మీద సిర్ర, అంటే లావు పుల్ల, దెబ్బ కింది నుంచి బరువుగా వస్తుంది; సిటికెన పుల్ల, అంటే సన్న పుల్ల, పైన సన్నగా పలుకుతుంది. ఆ రెంటి మధ్య ఖాళీలో గొంతు నిలబడుతుంది. ప్లాస్టిక్ మీద రెండు దెబ్బలూ పైకే పోతాయి, పైగా ఖంగుమనే మోత తెగదు. కూలి గురించో భూమి గురించో పాడే చరణం వెనక వరసలకు చేరేలోపే కొట్టుకుపోతుంది. మాట వినపడని ఉద్యమ పాట ఊరేగింపు బ్యాండు కిందే లెక్క.

కొంత మందు ఉంది. పొర లోపలి వైపు, అంచుకు దగ్గరగా రెండంగుళాల గుడ్డ టేపు ముక్కలు రెండు అంటిస్తే ఖంగు తగ్గుతుంది. ఇంకా ఎక్కువ అంటిస్తే అట్టపెట్టె చప్పుడే. సిర్ర మొనను గరుకు కాగితంతో గుండ్రంగా అరగదీయాలి, లేకుంటే పొర మీద గుంటలు పడతాయి. గాయకుడి మైకుకు డప్పు ముఖం ఎదురుగా ఉండకూడదు. చరణం నడిచేటప్పుడు సిటికెన పుల్ల తగ్గించి, పల్లవికి దరువు విప్పాలి.

తోలు డప్పుకు చాకిరీ ఎక్కువే. ఎండుగడ్డి మంటకు అంటకుండా తిప్పుతూ కాచాలి. ఒకే చోట ఆపితే తోలు మాడి పగులుతుంది, చింతగింజల జిగురూ వదిలేస్తుంది. అయినా ధర్నాకు మొదటి ఓటు దానికే. ఎస్సీ వర్గీకరణ కోసం 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం డప్పును ఆత్మగౌరవ గుర్తుగా ఎత్తిపట్టింది. ఆ గౌరవం మీద పాటలు కట్టే బృందాలు తోలు డప్పు కట్టేవాళ్లకు ఆర్డర్ ఇవ్వకపోవడం ఏం బాగుంటుంది?

ఫైబర్‌కు అయిదుకు మూడు మార్కులు. బృందానికి ఒకటుంటే చాలు, వానకూ హాలుకూ. కొనేముందు చట్రాన్ని చదునైన నేల మీద పెట్టి చూడండి, ఊగితే వద్దు. అదే కొలత పొర విడిగా దొరుకుతుందా అని ముందే అడగండి. దొరక్కపోతే చినిగిన రోజున చట్రం ఇనుప సామాన్ల కొట్టుకే.