ఇంటి సర్వర్‌కి ఏది మేలు: రాస్ప్‌బెర్రీ పై, ఆరెంజ్ పై, లేక ఎన్100 డబ్బా?

"ఇంట్లో చిన్న సర్వర్ పెడదామనుకుంటున్నా, పై 5 కొనేయనా?" అని ఈ చేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు గురించి ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే. దాంతో ఏం చేయిస్తారు? ప్రకటనలు ఆపే పై-హోల్, నలుగురూ వాడుకునే ఒక ఫోల్డర్, ఇంట్లో స్మార్ట్ పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్, ఇంతేనా? లేక ఇంట్లోవాళ్ల ఫోన్లలో ఉన్న ఫొటోలన్నీ ఇమ్మిచ్ అనే సొంత ఫొటో గ్యాలరీలోకి తెచ్చి, జెల్లీఫిన్ అనే వీడియో సర్వర్‌లో సినిమాలూ చూడాలా? మొదటి రకం పనికి దాని ముందు మోడల్ పై 4 చాలు. రెండో రకానికి పై 5 కూడా సరిపోదనే నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు కరెంటు సంగతి తేల్చేద్దాం, చాలామంది చిన్న బోర్డు వైపు మొగ్గేది దాని కోసమే కాబట్టి. 1 వాట్ వస్తువు ఏడాదంతా ఆపకుండా నడిస్తే 8.76 యూనిట్లు. పై 4 పెద్దగా పనిలేనప్పుడు 3 వాట్ల దగ్గర ఉంటుంది, ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న చిన్న డబ్బా లాంటి మినీ పీసీ 6 నుంచి 10 మధ్య. తేడా 5 వాట్లు అనుకోండి, నెలకు మూడున్నర యూనిట్ల పైచిలుకు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 30 రూపాయలు దాటదు. అంత మాత్రానికి టెన్షన్ పడి తక్కువ రకం బోర్డుతో సరిపెట్టుకోనక్కర్లేదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి జీరో బిల్లు అందుకునే ఇళ్ల లెక్క మాత్రం వేరు. మీ మీటర్ ప్రతి నెలా 197, 198 దగ్గర ఆగుతుంటే ఆ మూడు యూనిట్లే మొత్తం బిల్లు కట్టించగలవు. అసలు భయపడాల్సింది మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌ని సర్వర్ చేసేటప్పుడు. ఊరికే ఉండి 50 వాట్లు లాగేదైతే నెలకు 36 యూనిట్లు అదే తినేస్తుంది.

ఇక పై 5. 2023లో వచ్చింది. నాలుగు ఏ76 కోర్లు, 2.4 గిగాహెర్ట్జ్, పై 4 కంటే రెండు మూడు రెట్లు వేగం. బోర్డుగా వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా దాని చుట్టూ కొనాల్సిన సామానుతోనే. అది 5 వోల్టుల దగ్గర 5 యాంపులు అడుగుతుంది. మన దగ్గరున్న ఫోన్ ఛార్జర్ మీద 65 వాట్లని రాసి ఉన్నా 5 వోల్టుల దగ్గర సాధారణంగా ఇచ్చేది 3 యాంపులే. అప్పుడు పై 5 యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీయాంపుల దగ్గర కత్తెర వేస్తుంది, తగిలించిన హార్డ్ డిస్క్ సరిగ్గా లేవదు. అంచేత 27 వాట్ల ఛార్జర్ విడిగా కొనాలి. ఎండాకాలం విజయవాడలో గది వేడికి కూలర్ తప్పదు, 80 డిగ్రీలు దాటగానే చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఎస్‌ఎస్‌డీని బోర్డుకే బిగించాలంటే ఎం.2 హ్యాట్ అనే అదనపు బోర్డు, ఆ పైన ఎస్‌ఎస్‌డీ, వీటన్నిటికీ పట్టే కేస్. మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయని 2025 డిసెంబర్‌లో 8 జీబీ బోర్డునే 80 డాలర్ల నుంచి 95కి పెంచారు. మొత్తం కూడితే మినీ పీసీ ధర పక్కకి వచ్చేస్తుంది. ఇంతా చేసి, పై 4లో వీడియో మార్చడానికి విడిగా ఉన్న హెచ్.264 హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ పై 5లో తీసేశారు! వీడియోని ఫోన్‌కి తగ్గట్టు మార్చి పంపాలంటే భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

పై 4 వయసు మళ్లినదే, 2019 నాటిది. అయినా చిన్న పనులకి ఇప్పటికీ నా ఓటు దానికే. గిగాబిట్ పోర్టు పూర్తి వేగంతో పనిచేస్తుంది (పై 3బీ ప్లస్‌లో అది యూఎస్‌బీ 2 మీదుగా వెళ్లి 300 మెగాబిట్ల దగ్గరే ఆగిపోయేది). యూఎస్‌బీ 3 పోర్టులు రెండున్నాయి, ఎస్‌ఎస్‌డీ నుంచి నేరుగా బూట్ అవుతుంది. 2 జీబీది చాలు, సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు. ఒక్క జాగ్రత్త: యూఎస్‌బీ పరికరాలన్నిటికీ కలిపి 1.2 యాంపులకు మించి ఇవ్వదు కాబట్టి రెండు హార్డ్ డిస్కులు తగిలించొద్దు. పవర్ సరిపోతోందో లేదో ఆ బోర్డునే అడగొచ్చు. థ్రాటిల్ (వేగం తగ్గించుకోవడం) స్థితి చెప్పే కమాండ్ కొడితే ఉత్త సున్నా రావాలి. 5 పక్కన నాలుగు సున్నాలు వచ్చాయంటే, ఆన్ చేశాక ఎప్పుడో వోల్టేజ్ పడిపోయింది, వేగమూ తగ్గింది అని అర్థం. ఛార్జరో కేబులో మార్చాలి. ఒక్క పై-హోల్ కోసమే అయితే ఇంకా చిన్న బోర్డు రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ కూడా లాగేస్తుంది.

ఆరెంజ్ పైని కాగితం మీద చూస్తే ఎవరికైనా మనసవుతుంది. ఆరెంజ్ పై జీరో 3 చవక, 4 జీబీ దాకా దొరుకుతుంది, గిగాబిట్ ఉంది. కానీ ఉన్న ఒక్క పెద్ద యూఎస్‌బీ పోర్టు 2.0 రకం, అంటే డిస్క్ వేగం సెకనుకు 40 ఎంబీ దాటదు. ఆరెంజ్ పై 5 ఇంకో ఎత్తు: ఎనిమిది కోర్లు, బోర్డు మీదే ఎం.2 స్లాట్, వీడియో ఎన్‌కోడర్ కూడా. ఇబ్బంది సాఫ్ట్‌వేర్‌తో. కంపెనీ ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ మీదో ఆర్మ్‌బియన్ అనే లైనక్స్ మీదో ఆధారపడాలి, ఏదైనా మొరాయిస్తే వెతికి పట్టుకోవడానికి రాస్ప్‌బెర్రీ పైకి దొరికినంత సాయం దొరకదు. లైనక్స్‌తో కుస్తీ సరదా అయినవాళ్లు తీసుకోండి, ఇంట్లోవాళ్ల ఫొటోలు దాచేందుకైతే నేను తీసుకోను.

ఫొటోలు, సినిమాలు అన్నవాళ్లకి ఎన్100. ఇంటెల్ 2023లో తెచ్చిన నాలుగు కోర్ల చిప్, 6 వాట్ల టీడీపీ (చిప్ వెదజల్లే వేడికి కొలత). వీడియో మార్చడానికి చిప్‌లోనే విడిగా ఉండే భాగం, క్విక్ సింక్, ఉంది కాబట్టి జెల్లీఫిన్ వీడియో మార్చే పని ప్రాసెసర్ మీద పడదు. డబ్బా, ఛార్జర్, సాధారణంగా ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిసే వస్తాయి. మామూలు కంప్యూటర్లలో ఉండే ఎక్స్86 రకం చిప్ కావడంతో దాదాపు ఏ డాకర్ ఇమేజ్ (సిద్ధంగా కట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్ మూట) అయినా నడుస్తుంది, పై లాంటి బోర్డుల్లో ఉండే ఆర్మ్ రకం చిప్‌కి ఉందా లేదా అని వెతుక్కోనక్కర్లేదు.

ఈ డబ్బాలతో మన దగ్గర వచ్చే అసలు చిక్కు కరెంటు కోతలే. రాస్ప్‌బెర్రీ పైకి పవర్ ఇస్తే దానంతటదే లేస్తుంది. మినీ పీసీ అలా కాదు, కరెంటు వచ్చాక తనే ఆన్ అయ్యే సెట్టింగ్ బయోస్‌లో (కంప్యూటర్ లేవగానే ముందు నడిచే ప్రోగ్రాం) పెట్టుకోవాలి. కొన్ని చవక మోడళ్లలో ఆ సెట్టింగే ఉండదు, కొనే ముందు కనుక్కోండి. మీరు ఊళ్లో లేనప్పుడు సర్వర్ పడుకుంటే బటన్ నొక్కేదెవరు? ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో యూపీఎస్ మోడ్ స్విచ్ వేసి ఉంచితే రీస్టార్టులు చాలావరకు తప్పుతాయి. పై వాడేవాళ్లు మెమరీ కార్డు మీద డేటాబేస్ పెట్టొద్దు, రాస్తుండగా కరెంటు పోతే కార్డు పాడవడం మామూలే.

బడ్జెట్ మరీ తక్కువైతే ఆఫీసులు వదిలించుకున్న థిన్ క్లయింట్లు (సర్వర్‌కి కలిపి వాడే చిన్న కంప్యూటర్లు) చూడండి. డెల్ వైస్ 5070 లాంటివి ఫ్యాన్ లేకుండా నిశ్శబ్దంగా నడుస్తాయి, ఊరికే ఉన్నప్పుడు 5 వాట్ల దగ్గరే, క్విక్ సింక్ కూడా ఉంటుంది. దాని ఎం.2 స్లాట్‌కి సాటా రకం ఎస్‌ఎస్‌డీయే పడుతుంది, ఎన్‌వీఎంఈ రకం కొని తెచ్చుకుంటే వృథా. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ లాంటి చోట బేరమాడేటప్పుడు షాపులోనే ఆన్ చేయించి బయోస్‌లోకి వెళ్లి చూడండి. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ అడిగితే అది తీసి ఇచ్చేదాకా డబ్బు ఇవ్వకండి.