ఏడేళ్ల తర్వాత: సగంలో ఆగిన ఎంజీబీలో రోవర్ వీ8

కారు కొన్నప్పుడు దానితోపాటు పదకొండు అట్టపెట్టెలు కూడా వచ్చాయి. 1978 ఎంజీబీ రోడ్‌స్టర్ షెల్ అది, అంటే బ్రిటిష్ కంపెనీ ఎంజీ చేసిన పైకప్పు తెరుచుకునే స్పోర్ట్స్ కారు ఖాళీ బాడీ. టింకరింగ్, పెయింటు బాగానే అయ్యాయి. ఇంజిన్ లేదు, వైరింగ్ లేదు, సీట్లు లేవు. ముందు యజమాని ఇంజిన్ కూర్చోబెట్టడానికి రెండు బ్రాకెట్లు వెల్డింగ్ చేసి, గేర్‌బాక్స్ టన్నెల్‌ను ఒకచోట కోసి, అక్కడితో చేతులెత్తేశాడు. నేను అందులో 3528 సీసీ రోవర్ వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజిన్), దానికి జతగా రోవర్ వాళ్ల ఎస్‌డీ1 కారు ఐదు గేర్ల బాక్స్ పెట్టాను. ఇప్పటికి ఏడేళ్లు, నలభై వేల కిలోమీటర్ల పైమాటే.

ఈ ఇంజినే ఎందుకు అని చాలామంది అడుగుతారు. ఎంజీబీకి మొదటి నుంచీ ఉన్నది 1798 సీసీ నాలుగు సిలిండర్ల పోత ఇనుము ఇంజిన్. రోవర్ వీ8 అల్యూమినియంది, పుట్టింట్లో దాని పేరు బ్యూక్, అదో అమెరికా కార్ల కంపెనీ. అమెరికాలో 1960ల మొదట్లో వచ్చి, రెండు మూడేళ్లకే ఆగిపోతే రోవర్ వాళ్లు హక్కులు కొనుక్కున్నారు. సిలిండర్లు రెట్టింపైనా బరువు పాత ఇంజిన్‌కు దాదాపు సమానం. అందుకే ముందు చక్రాల మీద భారం పెరగలేదు, మలుపుల్లో కారు స్వభావం మారలేదు. ఎంజీ వాళ్లే 1973 నుంచి 1976 దాకా ఈ ఇంజిన్‌తో 2591 జీటీలు (ఎంజీబీలోనే గట్టి పైకప్పు ఉన్నవి) తయారు చేశారు. నాది అసలు వాటిలోది కాదు, ఇంట్లో మార్చుకున్నది. ఇంకో అదృష్టం ఏమిటంటే, 1974 చివరి నుంచి వచ్చిన షెల్స్ అన్నిటిలోనూ ఇంజిన్ బే లోపలి రేకులు వీ8కి చోటుండేలాగే వచ్చాయి. సుత్తి పట్టాల్సిన పని తక్కువ.

అసలు బాధంతా ఆ ముందాయన బ్రాకెట్లతో వచ్చింది. ఇంజిన్ దించాం, బోల్టులు బిగించాం, అంతా బ్రహ్మాండం అనుకున్నాం. ఎందుకో అనుమానం వచ్చి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కూ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే పైపుల గుత్తి) స్టీరింగ్ రాడ్‌కూ మధ్య ఒక అట్టముక్క దూర్చి చూశాను. దూరలేదు. కొలిస్తే ఇంజిన్ తొమ్మిది మిల్లీమీటర్లు ఒక పక్కకు జరిగి ఉంది. వాషర్లు వేసి సర్దేద్దామని నాలుగు రోజులు ఆశపడ్డాను. చివరికి ఇంజిన్ మళ్లీ పైకెత్తి, బ్రాకెట్లు కోసేసి, గేర్‌బాక్స్ కూడా లోపల పెట్టి, రెండూ నిటారుగా ఉన్నాయని చూసుకున్నాకే కొత్తవి వెల్డ్ చేయించాను. గేర్‌బాక్స్‌ను కింద మోసే అడ్డపట్టీ (క్రాస్ మెంబర్) కూడా కొత్తగా చేయాల్సి వచ్చింది. సగంలో ఆగిన కారు కొనేవాళ్లకు ఒక మాట: ముందాయన చేసిన పని సున్నా అనుకుని బేరమాడండి. పాపం ఆయన ఏ ఇంజిన్ పెట్టాలో తేల్చుకోకుండానే వెల్డింగ్ మిషన్ ఆన్ చేసినట్టున్నాడు.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఒక పని తప్పనిసరి. ఈ ఇంజిన్ ఆయిల్ పంపు ముందువైపు టైమింగ్ కవర్‌లో ఉంటుంది. ఒకసారి విప్పితే లోపల పళ్ల చక్రాల మధ్య వాసెలిన్ కూరి మూయాలి, లేకపోతే పంపు గాలి నమలడమే కానీ ఆయిల్ లాగదు. ఆ తర్వాత ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆ రంధ్రంలోంచి డ్రిల్లు మిషన్‌తో పంపు తిప్పాను. కాసేపు డ్రిల్లు తేలిగ్గా తిరిగింది. ఉన్నట్టుండి చేతిలో బరువెక్కి గొంతు మార్చింది. అంటే ఆయిల్ అందిందన్నమాట. అప్పుడు గానీ నేను ఊపిరి తీసుకోలేదు. డిస్ట్రిబ్యూటర్ మళ్లీ పెట్టాక సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది.

మొదటి నెలంతా ఆయిల్ ప్రెషర్ మీటర్ చూస్తూ టెన్షన్ పడ్డాను. పాత ఎంజీబీ ఇంజిన్‌లో పరుగు మీద 50 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) పైనే చూడటం అలవాటు. ఇందులో వేడెక్కాక 30, 35 దగ్గర ముల్లు ఆగిపోతుంది. బేరింగులు పోయాయనే అనుకున్నాను. వేరే మీటర్ పెట్టి చూశా, అదే మాట చెప్పింది. ఈ ఇంజిన్‌కి అంతే, దాని లెక్క అది.

నిజమైన శత్రువు వేడి. ఇరుకైన బానెట్ కింద రెండు వైపులా ఎగ్జాస్ట్ పైపులు. పెద్ద రేడియేటర్, రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టాక ట్రాఫిక్‌లో కూడా నీళ్లు మరగడం లేదు. కానీ బండి ఆపి పది నిమిషాలకు మళ్లీ తీస్తే స్టార్టింగ్ ట్రబుల్. పెట్రోలును గాలితో కలిపే ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లలో పెట్రోలు ఉడుకుతోంది. పెట్రోలు పైపు దారి మార్చి, కార్బురేటర్ల కింద వేడి ఆపే స్పేసర్లు వేసి, ఎగ్జాస్ట్‌కి వేడి తట్టుకునే గుడ్డ చుట్టాను. బాగా పనిచేసింది, నాలుగేళ్లు. తర్వాత ఆ గుడ్డ విప్పితే లోపల పైపు తుప్పుతో పొరలు పొరలుగా ఊడొచ్చింది. తడిని పట్టి ఉంచుతుంది ఆ గుడ్డ. ఇప్పుడు సిరామిక్ పూత వేసిన పైపులున్నాయి. మొదటే వేయించుకుని ఉండాల్సింది.

వెనక యాక్సిల్ సంగతి కూడా చూడండి. పాత 3.909 నిష్పత్తితో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.909 చుట్లు తిరిగే లెక్కతో, ఏడాది నడిపాను. ఫస్ట్ గేర్ వేస్తే కారు కదిలేలోపే అయిపోయేది. 3.07కి మార్చాక అదే ఇంజిన్ వేరే బండిలా ఉంది. గంటకు వంద మీద ఐదో గేర్లో రెండు వేల పైచిలుకు ఆర్‌పీఎం, పక్కవాళ్లతో మాట్లాడొచ్చు. పికప్ సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఇది రేసుకి పరిగెత్తే ఇంజిన్ కాదు. కింద నుంచి మెల్లగా, బలంగా లాగుతుంది. పై ఆర్‌పీఎంలో మజా కావాలంటే వేరేది చూసుకోండి. గేర్‌బాక్స్ చలిలో మొదటి రెండు కిలోమీటర్లు సెకండ్ గేర్ పడదు, బతిమాలాలి. బ్రేకులకు మందమైన డిస్కులు వేయకుండా మాత్రం రోడ్డెక్కకండి.

అయిదో ఏట క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిపించే కడ్డీ) మార్చాను. ఈ ఇంజిన్లకు క్యామ్ అరగడం మామూలే, జింక్ ఉన్న ఆయిల్ పోయకపోతే ఇంకా తొందరగా అరుగుతుంది. ప్లగ్ వైర్లలో 5, 7 నంబర్ల సిలిండర్లవి పక్కపక్కన ఆనించి కట్టకండి. ఒకదాని వెంట ఒకటి పేలే సిలిండర్లు అవి, ఒకదాని కరెంటు ఇంకోదాన్లోకి దూకుతుంది. ఈ చిన్న విషయం మీద నేను రెండు ఆదివారాలు కార్బురేటర్లను తిట్టుకుంటూ గడిపాను.

మళ్లీ చేస్తావా అంటే, చేస్తాను, ఇదే ఇంజిన్‌తో. కాకపోతే యాక్సిల్, ఎగ్జాస్ట్ ముందు కొని, ఇంజిన్ తర్వాత కొంటాను. ప్రస్తుతం ఎడమవైపు ఎగ్జాస్ట్ గాస్కెట్ మళ్లీ టిక్కుటిక్కుమంటోంది. అక్కడ వెనకాల కింది బోల్టుకి పానా పట్టాలంటే స్టీరింగ్ రాడ్ ఊడదీయాలి. వచ్చే వారం అదే పని.