కొత్త టైర్లు, సుంకి ఘాట్, కోరాపుట్‌లో నాలుగు రోజులు

పాత పదమూడు సీట్ల వ్యాన్‌లో సీట్లన్నీ తీయించి రెండు బెర్తులు, గ్యాస్ స్టవ్, వెనక తలుపు పక్కన వంద లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాం. అదే మా మోటార్‌హోమ్. విజయనగరం నుంచి సుంకి ఘాట్ మీదుగా ఒడిశాలోని కోరాపుట్‌కి బయల్దేరే ముందు రోజు నాలుగు టైర్లూ మార్పించాం. ఘాట్ ఎక్కేది అమ్మతో కదా, అరిగిన టైర్లతో వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది.

గజపతినగరం దాటేసరికి స్టీరింగ్ దగ్గరున్న మా బావ మాటలు తగ్గించేశాడు. "తిన్నగా పట్టుకున్నా బండి నిలబడట్లేదురా" అన్నాడు. ఎదురుగా లారీ వచ్చి దాటిపోయిన ప్రతిసారీ బండి ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి గానీ కుదురుకోవట్లేదు. కొత్త టైరు కదా, కాస్త అరిగితే సర్దుకుంటుందిలే అనేశాను. కొత్త టైరుకి గాడి లోతుగా ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు కొంచెం మెత్తగా అనిపించే మాట నిజమే. కానీ ఇంత ఊపు ఉండదు.

సాలూరులో ఆగాల్సింది. లారీలకు పెట్టింది పేరైన ఊరు. టైర్ల పని తెలిసినవాళ్లు, బండి బరువు తూచే వే బ్రిడ్జి అన్నీ అక్కడ దొరుకుతాయి. మధ్యాహ్నం భోజనానికి కోరాపుట్ చేరాలన్న తొందరలో దాటేశాం. ఆ దారిలో పెద్ద బండితో వెళ్లేవాళ్లు ఎవరైనా సరే, అనుమానం ఉంటే సాలూరులోనే తీర్చుకుని ఘాట్ ఎక్కండి.

ఘాట్‌లో ప్రతి మలుపు దగ్గరా అదే తంతు. ముందు భాగం తిరిగేది, ఒక్క క్షణం ఆగి వెనక భాగం వచ్చేది. గిన్నెలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జారుతున్నాయి. అమ్మ బెర్తు రాడ్డు వదల్లేదు. సుంకిలో టీ తాగడానికి దిగినప్పుడు బావ చేతులు చూశాను, గట్టిగా పట్టుకుని పట్టుకుని అరచేతులు ఎర్రబడిపోయాయి.

కోరాపుట్‌లో దిగిన లాడ్జి శుభ్రంగా ఉంది. రోజుకి 1,200. తెల్లవారుజామున బకెట్‌తో వేడినీళ్లు గదికే తెచ్చిచ్చారు. జూన్‌లో కూడా దుప్పటి కావాల్సిన ఊరది. అయితే లోపలికి వెళ్లే గేటు మీద ఆర్చి ఉంది, మా బండి పట్టలేదు, రాత్రంతా రోడ్డు పక్కనే పెట్టాం. ఎత్తు బండితో వెళ్లేవాళ్లు గది అడిగే ముందు గేటు ఎత్తు అడగడం మంచిది. రిసెప్షన్‌లో కుర్రాడు తెలుగు ధారాళంగా మాట్లాడాడు. ఆ ఊళ్లో భాష ఇబ్బంది మాకెక్కడా రాలేదు.

మర్నాడు ఉదయం వీల్ అలైన్‌మెంట్ చేయించాం, 700 అయింది. ముందు చక్రాలు కొంచెం తేడాగా ఉన్నాయని సరిచేశారు. స్టీరింగ్ లాగడం తగ్గింది, వెనక ఊపు మాత్రం అలాగే ఉంది. వాళ్ల పనిలో లోపం లేదు. మేమే వరస తప్పాం. ముందు గాలి, తర్వాత బరువు, తర్వాత టైరు రకం చూసుకుని ఆఖరున అలైన్‌మెంట్‌కి వెళ్లాలి. ఇది మాకు సిమిలిగూడ రోడ్డు పక్కన చిన్న టైరు షాపు నడుపుకునే పెద్దాయన చెప్పాడు. ఆయనది పార్వతీపురం వైపు.

ఆయన బండి నడిపి చూడలేదు. రిమ్ము మీంచి టైరు మీదికి సుద్దముక్కతో ఒక గీత గీసి, "ఎనక్కెల్లి బండిని ఊపు బాబూ" అన్నాడు. నేను రెండు చేతులూ పెట్టి ఊపితే నేల మీద టైరు కదల్లేదు. రిమ్ము, దాని పైన బండి మొత్తం అటూ ఇటూ వెళ్తోంది. మధ్యలో టైరు పక్క గోడ గుడ్డసంచిలా వంగుతోంది. సుద్దగీత ప్రతి ఊపుకీ వంకర తిరిగి మళ్లీ తిన్ననవుతోంది. ఘాట్‌లో మా వెనక జరిగింది ఇదేనన్నమాట.

గాలి గేజి పెడితే 35 పీఎస్ఐ వచ్చింది. "ఏటి బాబూ, కారుకెట్టినట్టెట్టినారు గాలి!" అన్నాడు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ముందు 50, వెనక 60 అని ఉంది. నేను ఎన్నడూ చదవలేదు. అయితే వెనక టైర్లకి 60 కొట్టమంటే ఆయన ఒప్పుకోలేదు. బొటనవేలు తడి చేసి టైరు మీద దుమ్ము తుడిచి చూపించాడు, ఆ టైరుకి గరిష్ఠం 51 అని అచ్చు ఉంది. సైజు అంకెల పక్కన 99 అని ఇంకో అంకె ఉంది. అది బరువు సూచిక. 99 అంటే ఒక్కో టైరు 775 కిలోలు మోయగలదు. మా పాత టైర్ల మీద 109 ఉండేదట, అంటే 1,030 కిలోలు. స్టెప్నీ ఇంకా పాతదే కాబట్టి దాని మీద మా కళ్లతో చూశాం. అదీ ఇదీ ఒకే సైజు, కానీ కొత్తవి ఎక్కువ బరువు మోసే లైట్ ట్రక్ రకం కాదు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు.

వే బ్రిడ్జికి వెళ్లి ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూయించాం. ముందు 1,240, వెనక 1,860. వెనక రెండు టైర్లూ కలిపి మోయగలిగేది 1,550. మూడొందల కిలోలు పైగా ఎక్కువ బరువేసి, గాలి సగం పెట్టి, అమ్మని కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కామని అర్థమయ్యాక నాకు కాళ్లు చల్లబడ్డాయి. తక్కువ గాలితో వంగి వంగి టైరు వేడెక్కుతుంది, అదే పేలడానికి దారి. టైర్లు అమ్మినవాళ్లకి మా బండి బరువు తెలియకపోవచ్చు, తలుపు స్టిక్కర్ చూసే పని మాత్రం వాళ్లదే. దాని మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

పెద్దాయన దగ్గర 109 టైర్లు లేవు. ఒడిశాలోదే అయిన జైపూర్‌కి ఫోన్ చేస్తే మర్నాడు సాయంత్రం బస్సు టాప్ మీద రెండు వచ్చాయి. ఆ రోజంతా బండి కదపలేదు. ట్యాంకు నీళ్లు వదిలేశాం. లీటరు నీళ్లంటే కిలో, వంద కిలోలు వెనక చక్రాలకి ఇంకా వెనక వేలాడుతుంటే ఊపు పెరగక ఏం చేస్తుంది? బియ్యం బస్తా, మడత కుర్చీలు ముందుకి జరిపాం. ఆటోలో వెళ్లి కొండ మీది జగన్నాథ ఆలయం, పక్కనే గిరిజన మ్యూజియం చూసొచ్చాం. మ్యూజియంకి రెండు గంటలు ఉంచుకోండి, తొందరపడితే దండగ. కోరాపుట్ కాఫీపొడి కొన్నాం, అమ్మకి నచ్చింది.

వెనక టైర్లు మార్చి 60 గాలి పెట్టాక మళ్లీ సుద్దగీత గీయించాను. ఈసారి వంగలేదు. బిగింపు, బ్యాలెన్సింగ్‌కి ఆయన తీసుకున్నది 400. వందో కిలోమీటరు దగ్గర చక్రాల నట్లు మళ్లీ బిగించుకోమనీ, గాలి ఉదయం బండి కదలకముందే చూసుకోమనీ రెండుసార్లు చెప్పాడు.

మిగిలిన ప్రయాణం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, బండి మాట వినింది కాబట్టి. 1,672 మీటర్ల దేవమాలి కొండ పైకి మా బండి తీసుకెళ్లలేదు, కింద పెట్టి జీపు మాట్లాడుకున్నాం. జీపువాడు ఎక్కువే అడిగాడు, అయినా అదే మేలు. లమ్తాపుట్ మీదుగా డుడుమ వెళ్లాం. మాచ్‌ఖండ్ నది 175 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంటే అమ్మ అరగంట కదల్లేదు. అక్కడ తినడానికి ఏమీ దొరకదనుకుని వెళ్లడం మంచిది, మేం బండిలోనే ఉప్మా చేసుకున్నాం.

తిరుగు ప్రయాణంలో సుంకి ఘాట్ రెండో గేరులో దిగాం. సగం దిగాక బావ "ఇప్పుడు చూడు" అని ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో నీళ్ల సీసా అందుకున్నాడు. సాలూరులో ఆగి నట్లు బిగించాం. ఇంటికి వచ్చిన వారంలోనే ముందు రెండు టైర్లు కూడా 109వి వేయించాను. స్టిక్కర్ మీది అంకెలు అమ్మకి కూడా కనిపించేలా పెద్దగా రాసి డ్యాష్‌బోర్డు మీద అంటించాం.