చెట్టినాడులో బస: మంచం కాదు, ముందు గోడ చూడండి

తమిళనాడులోని చెట్టినాడు పాత బంగళాలకి పేరు. అక్కడి కానాడుకాత్తాన్ అనే ఊళ్లో మేం దిగిన మొదటి బసకి రాత్రికి 6,800, పన్ను అదనం. బర్మా టేకు స్తంభాలు, రంగురంగుల ఆత్తంగుడి టైల్స్ పరిచిన నేల, ఫొటోల్లో చూపించినవన్నీ ఉన్నాయి. గది తలుపు తీయగానే ముక్కిన వాసన. మంచం వెనక గోడకి నడుమెత్తు దాకా చెమ్మ చార, పైన ప్లాస్టిక్ పెయింటు బుడగలు. గోరు తగిలితే తెల్లటి ఉప్పు రాలి దిండు మీద పడింది. వానల వల్లేనని మేనేజరు తేల్చేశాడు. గది మార్చమంటే ఇంకో 1,500 కట్టమన్నాడు. అమలాపురం దగ్గర తన మండువా లోగిలి బాగుచేయించుకోవాలని, నాలుగు పాత ఇళ్లు చూద్దామని వచ్చిన మా బావగారు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు.

తప్పు వానది కాదు. సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూశారు. ఈ ఇళ్ల పునాదుల్లో చెమ్మని ఆపే పొర ఉండదు. నేలలో నీరు ఇటుకలోకి ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి ఆవిరైపోతుంది. అందుకే వందేళ్లు నిలిచాయి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీరు ఇంకా పైకి పాకుతుంది, దాంతో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి ఉబ్బుతుంది, చివరికి ఇటుక పొట్టుతో సహా పూత ఊడిపోతుంది. అసలు ప్రమాదం టేకు దూలాలకి. వాటి కొసలు గోడలోనే ఉంటాయి, ఆరని గోడలో అవి లోపల్నించి పుచ్చిపోతాయి. పైకి రంగు వేస్తే ఏదీ కనబడదు. వారసత్వ భవనమని అంత డబ్బు తీసుకుంటూ ఆ భవనాన్నే చంపుకోవడం నాకు మింగుడు పడలేదు.

మర్నాడు మరో పల్లెలో బస. 8,200, ఉదయం పలహారంతో కలిపి. ఆ తేడా గోడకి పెట్టిన డబ్బే అనిపించింది. వెనక కట్టులో మేస్త్రీలు పాత సిమెంటు గొడుతున్నారు. బావగారు టిఫిను మానేసి అక్కడే నిలబడ్డారు, మధ్యాహ్నం దాకా కదల్లేదు.

వాళ్ల పద్ధతి ఇది. చెమ్మ గీత కంటే రెండడుగులు పైదాకా సిమెంటు తీసేస్తారు, చిన్న సుత్తి, ఉలితోనే. మెషీను పెడితే ఇటుక అంచులు పోతాయి. ఇటుకల మధ్య దర్జులు అంగుళం లోతు గీకుతారు. ఉప్పుని పొడి బ్రష్షుతోనే దులుపుతారు, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. ఆ తర్వాత గోడని ఆరనివ్వాలి. ఇక్కడే అందరూ తొందరపడతారు. చెమ్మ బాగా ఉంటే ఒక ఎండాకాలం మొత్తం వదిలేయాల్సిందే.

కొత్త పూతకి సున్నం ఒక వంతు, ఇసుక రెండున్నర వంతులు. సున్నాన్ని కొన్ని వారాలు నానబెట్టి, జల్లించి, గానుగలో తొక్కించాలి. సరిగ్గా నానని రవ్వ ఒక్కటి మిగిలినా నెలల తర్వాత ఉబ్బి గోడ మీద పొక్కులా పేలుతుంది. కలపడానికి మామూలు నీళ్లు వాడరు. కరక్కాయ, బెల్లం వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లు వాడతారు. బెల్లం ఎక్కువైతే పూత గట్టిపడదు, చీమలు పడతాయి. ఒక్కో పూత అర అంగుళం మించకూడదు, మందంగా వేస్తే పగుళ్లు ఖాయం. పూసిన గోడ మీద ఎండ పడకుండా తడి గోనెపట్టాలు కట్టి కనీసం వారం తడుపుతూ ఉండాలి.

చివరి పూతే చెట్టినాడు పేరు నిలబెట్టింది. గుల్ల సున్నాన్ని వెన్నలా నూరి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి పలచగా పూస్తారు. అది ఆరేదాకా నున్నటి రాయితో రుద్దుతూనే ఉంటారు. మధ్యలో చెయ్యి ఆపితే ఆపిన చోట మరక శాశ్వతం. మిట్టమధ్యాహ్నం ఆ గోడకి అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది.

ఆత్తంగుడిలో టైల్స్ చేసే చోట్లు చాలా ఉన్నాయి, అడిగితే చూపిస్తారు. గాజు పలక మీద ఇనుప చట్రం, అందులో డిజైను అచ్చు. గళ్లలో రంగు సిమెంటు గరిటెతో పోసి అచ్చు ఎత్తేస్తారు. దాని మీద పొడి సిమెంటు-ఇసుక చల్లితే తడి పీల్చుకుంటుంది, ఆపైన తడి మాలు నింపుతారు. గట్టిపడ్డాక నీళ్ల తొట్టిలో నానబెడతారు. కాల్చడం ఉండదు, మెరుపు గాజు ఇచ్చిందే. రంగు పొర మిల్లీమీటర్లలోనే. అందుకే పాత నేలకి యాసిడ్ పోసినా, పాలిషింగ్ మెషీను పెట్టినా డిజైను పోయినట్టే. తడిగుడ్డ, అప్పుడప్పుడు కొబ్బరినూనె, అంతే.

భోజనం సంగతి: కారైక్కుడిలో అరిటాకు భోజనం మనిషికి 950, కోడి వేపుడు బాగుంది, అక్కయ్య రెండోసారి వడ్డించుకుంది.

కారైక్కుడిలోనే మునీశ్వరన్ కోవిల్ వీధిలో పాత తలుపులు, స్తంభాలు అమ్ముతారు. చూడండి, కొనొద్దని నా సలహా. స్తంభం అక్కడికి వచ్చిందంటే ఎక్కడో ఒక ఇల్లు పడిపోయినట్టే. కొనేవాళ్లుంటే ఇంకోటి పడుతుంది.

వెళ్లేవాళ్లకి: చెన్నై ఎగ్మూరు నుంచి పల్లవన్ ఎక్స్‌ప్రెస్ కారైక్కుడి దాకా వెళ్తుంది. విమానమైతే తిరుచ్చి, మదురై రెండూ దగ్గరే. పల్లెలన్నీ తిరగడానికి కారుకి రోజుకి 2,600 ఇచ్చాం. హాయిగా ఉండాలంటే జనవరి, ఫిబ్రవరి. ఇల్లు బాగుచేయించే ఉద్దేశముంటే డిసెంబరులో వానలు వెలిసిన వెంటనే వెళ్లండి, ఏ గోడ ఎలా ఉందో అప్పుడే బయటపడుతుంది. బుక్ చేసే ముందు ఫోను చేసి రెండే అడగండి: గోడకి పూసింది సున్నమా సిమెంటా, పైన వేసింది ప్లాస్టిక్ పెయింటా కాదా. జవాబు తడబడితే వేరే చోటు చూసుకోండి. దిగాక గోడని వేలి కణుపుతో తట్టండి. డొల్లగా మోగితే సామాను విప్పకుండానే గది మార్పించుకోండి.