బేజెల్ మాడ్యూళ్లు: 2023 నుంచి రోజూ వాడాక నా మాట

అనంతపురం సాయినగర్‌లో మేడమీది గదిలో కూర్చుని బెంగళూరు టీంతో పనిచేస్తాను. మా కోడంతా ఒకటే రిపాజిటరీ. జావా, సీ ప్లస్ ప్లస్, కొంత పైథాన్, అన్నీ అందులోనే. ఆ కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా తయారుచేసే బిల్డ్ పని మొదటినుంచీ బేజెల్ అనే టూల్‌తోనే. బయటి లైబ్రరీలను, అన్నిటినీ ఒకేచోట వరుసగా రాసే పాత వర్క్‌స్పేస్ ఫైల్ నుంచి, ఎవరికేం కావాలో వాళ్లే చెప్పుకునే మాడ్యూళ్లకు మార్చే పని 2023లో, బేజెల్ 6 మీద, నేనే చేశాను.

పాత పద్ధతి ఎంత ఇబ్బందో ఒక్క రోజు సంగతి చెబుతాను. ఫైల్ చదవడానికి వీలుగా ఉంటుందని జీఆర్‌పీసీ (ప్రోగ్రాంలు ఒకదాన్నొకటి పిలుచుకునే లైబ్రరీ) వరుసలను దానికి కావలసిన ప్రోటోబఫ్ (డేటాను సర్దిపెట్టే లైబ్రరీ) కంటే పైకి జరిపాను. ఒక్క వెర్షన్ నంబర్ కూడా ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి ప్రొద్దుటూరు నుంచి పనిచేసే కుర్రాడి ఫోన్: "అన్నా, పొద్దున ఏం మార్చినావ్? నా దగ్గర బిల్డ్ కాలేదు." ఆ పేరుతో ఇంతకుముందే ఏదీ లేకపోతేనే తెచ్చుకో అని మా ప్రోటోబఫ్ వరుసలోనూ, జీఆర్‌పీసీ తనకు కావలసినవి తెచ్చుకునేచోటా రాసి ఉంది. అందుకే జీఆర్‌పీసీ వెంట వచ్చిన పాత ప్రోటోబఫే ఖాయమైంది, మేం రాసుకున్న కొత్తది లెక్కలోకే రాలేదు. అది పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. రిలీజ్ వారం, అందరికీ టెన్షన్.

మాడ్యూళ్లలో ముందువెనకల గొడవ లేదు. మాకు నేరుగా కావలసినవి మాత్రమే మేం రాస్తాం. వాటికేం కావాలో అవే చెప్పుకుంటాయి. ఒక మాడ్యూల్ 1.1 అడిగి, ఇంకొకటి 1.3 అడిగితే 1.3 వస్తుంది. మాడ్యూళ్లన్నీ దొరికే జాబితా, అంటే రిజిస్ట్రీలో 1.5 ఉన్నా దాని జోలికి పోదు, ఎవరూ అడగలేదు కాబట్టి. గో భాషలో ఉన్న పద్ధతే ఇది. నాకు అన్నిటికంటే నచ్చింది ‘బేజెల్ మాడ్ ఎక్స్‌ప్లెయిన్’ కమాండ్. ప్రోటోబఫ్ పేరు ఇస్తే, దాన్ని ఎవరెవరు అడిగారో, ఏ వెర్షన్ ఎందుకు వచ్చిందో కొమ్మలు కొమ్మలుగా చూపిస్తుంది.

మార్చడం మాత్రం సులువు కాదు. బేజెల్ సెంట్రల్ రిజిస్ట్రీలో లేని లైబ్రరీలను తెచ్చుకోవడానికి ఎక్స్‌టెన్షన్లు, అంటే చిన్న కోడ్ ముక్కలు, రాసుకోవాల్సి వచ్చింది. నాకు ఎక్కువ రోజులు తిన్నది అదే. బయటి లైబ్రరీల ఫోల్డర్ పేర్లూ మారతాయి. బేజెల్ 7లో ఆ పేర్ల మధ్య ~ గుర్తు ఉండేది, 8లో + అయింది. ఆ దారులను నేరుగా రాసిన మా స్క్రిప్టులు రెండుసార్లు ఆగిపోయాయి. ఏ వెర్షన్లు ఖాయమయ్యాయో రాసిపెట్టే లాక్ ఫైల్ కూడా 7 మొదట్లో బాగా విసిగించింది, ఇద్దరు లైబ్రరీలు మారిస్తే ఆ మార్పులు ఢీకొని మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ తప్పేది కాదు. 7.2 నుంచి ఆ బాధ చాలావరకు తగ్గింది.

ఇప్పటికీ వర్క్‌స్పేస్ మీదే ఉన్నవాళ్లు ఇక ఆగొద్దు. బేజెల్ 8లో అది డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది. ఒక్క జావా ప్రాజెక్ట్ ఉన్నవాళ్లకు మాత్రం బేజెల్ చెప్పను, జావా వాళ్లు వాడే బిల్డ్ టూళ్లు మావెన్ గానీ గ్రేడిల్ గానీ చాలు.

మొన్న ప్రోటోబఫ్ వెర్షన్ మళ్లీ పెరిగింది. ఈసారి ఆ కుర్రాడు నాకు ఫోన్ చేయలేదు. ఎక్స్‌ప్లెయిన్ చూపించిందంతా కోడ్ రివ్యూలో అతికించి, ఏ మాడ్యూల్ అడిగిందో కింద ఒక్క వాక్యం రాసి పంపాడు.