చెక్కకు హాని చేయదని అమ్ముతున్న జిగురు ద్రావకంతో జాగ్రత్త

పాత చెక్క సామానును ఇంట్లోనే బాగుచేసుకుంటున్న వారికి ఈ హెచ్చరిక. మా అమ్మమ్మగారి టేకు అద్దాల బీరువాకు ఏళ్ల తరబడి అంటుకుపోయిన స్టిక్కర్లనూ, చెక్క మీది టేపు బంకనూ తీయడానికి నేను ఆన్‌లైన్‌లో ఒక ద్రావకం తెప్పించాను. అద్దానికీ చెక్కకూ హాని చేయదని సీసా మీద పెద్ద అక్షరాలతో ఉంది. అందులో ఏమేమి కలిపారో మాత్రం ఎక్కడా లేదు.

అద్దం మీద అది చక్కగానే పనిచేసింది. చెక్క మీద రాసి రెండు నిమిషాలాగి తుడిచేసరికి, బంకతోపాటు పాలిష్ కూడా బెల్లంపాకంలా సాగుతూ గుడ్డకు అంటుకుని వచ్చేసింది. అరచేయంత మేర చెక్క పాలిపోయి బయటపడింది. అద్దం మీది నుంచి కారిన ద్రావకం కింది చెక్క పట్టీలోకి దిగి, నేను తాకని చోట కూడా చారలు కట్టింది. అది చూసి చాలా బాధపడ్డాను.

మా వడ్రంగి వచ్చి, తలుపు లోపలి మూలను స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కసారి రుద్దారు. దూది వెంటనే ఎర్రబడింది. ఆ పాలిష్ లక్కను స్పిరిట్‌లో కరిగించి పూసినది కనుక, ఎన్నేళ్లయినా స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుందని ఆయన వివరించారు. అలాంటి చెక్క మీద బంకను హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చజేసి, ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా నెట్టాలి. మిగిలిన జిడ్డును టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డతో తుడవవచ్చు, ఎందుకంటే లక్క అందులో కరగదు. మైనం పాలిష్ అయితే టర్పెంటైన్‌కూ లొంగిపోతుంది కాబట్టి, ముందుగా కనబడని మూలన పరీక్షించడం తప్పనిసరి. అద్దానికైతే సబ్బునీరు, వాలుగా పట్టిన బ్లేడు చాలు. తంజావూరు గాజు పటాల్లా వెనకవైపు రంగులు వేసిన అద్దాల దగ్గరకు మాత్రం ఏ ద్రావకాన్నీ తీసుకుపోకండి.

సీసా తెరిచారు కనుక డబ్బు తిరిగి ఇవ్వలేమని అమ్మకందారు జవాబిచ్చారు. సీసా, బిల్లు, ఆ గుడ్డ, బీరువా ఫొటోలు దాచి ఉంచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. మీరు తెప్పించిన సీసా మీద కూడా దినుసుల వివరం లేకపోతే, మూత తీయకముందే తిప్పి పంపండి.