పారాలీగల్ డిప్లొమా, గుమాస్తా పని, ఎల్‌ఎల్‌బీ: బెజవాడ, గుంటూరు పిల్లలకు ఏది మేలు?

కోర్టు పని అంటే ఇష్టం, నల్లకోటు వేసుకుని వాదించాలని మాత్రం లేదు, పారాలీగల్ (వకీలు కాకుండా చట్టపు పనుల్లో సాయపడే మనిషి) కోర్సు చేస్తే సరిపోదా? ఇంటర్ అయినవాళ్లూ డిగ్రీ అయినవాళ్లూ అడిగే ప్రశ్న ఇది. రేపు ఏ పనికి జీతం అడగబోతున్నారో ముందు తేల్చుకుంటే జవాబు తేలిగ్గా దొరుకుతుంది.

అమెరికాలో పారాలీగల్ అనేది ఒక ఉద్యోగం. దానికి కాలేజీల్లో డిగ్రీలున్నాయి, అక్కడి బార్ అసోసియేషన్ ఆమోదించిన కోర్సులూ ఉన్నాయి. మన 1961 అడ్వకేట్స్ చట్టంలో అలాంటి మధ్య అంతస్తు లేదు. వకీళ్లను నమోదుచేసే బార్ కౌన్సిల్ జాబితాలో (రోల్‌లో) పేరున్నవాళ్లే ప్రాక్టీసు చేయాలి. ఎన్ని పారాలీగల్ సర్టిఫికెట్లున్నా వకాల్తా (కక్షిదారు తన కేసును వకీలుకు అప్పగించే కాగితం) మీద అడ్వకేటుగా సంతకం పెట్టలేరు, కేసు పిలిచినప్పుడు లేచి వాదించలేరు. యూట్యూబ్ ప్రకటన చూసి వేలకు వేలు కట్టేముందు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

మరి డిప్లొమా దండగా? కాదు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఇచ్చే పారాలీగల్ ప్రాక్టీస్ డిప్లొమాకు ఇంటర్ చాలు, కనీస కాలం ఏడాది. ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది. న్యాయవ్యవస్థ పరిచయం, బలహీన వర్గాల చట్టాలు, గ్రామ స్థానిక స్వపరిపాలన, చివర ఒక ప్రాజెక్టు ఉంటాయి. ఈ పాఠాలు చూస్తేనే తెలుస్తుంది, ఇది కోర్టు ఫైలింగ్ నేర్పే కోర్సు కాదు, ఊళ్లో జనానికి చట్టం చెప్పే మనిషిని తయారుచేసే కోర్సు. అంగన్‌వాడీలో, స్వచ్ఛంద సంస్థలో, మహిళా సంఘాల్లో పనిచేసేవాళ్లకు బాగా పనికొస్తుంది. చిక్కు రెండుచోట్ల వస్తుంది. మాధ్యమం ఇంగ్లీషు లేదా హిందీ, తెలుగు లేదు. రెండోది అసైన్‌మెంట్లు. మార్కుల్లో 30 శాతం వాటిదే, కాబట్టి జూన్, డిసెంబరు పరీక్షలు బాగా రాసినా అవి ఇవ్వకపోతే కోర్సు పూర్తికాదు. దూరవిద్యలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

ఆ పనే డబ్బు కట్టకుండా చేయాలంటే పారాలీగల్ వాలంటీరు దారి ఉంది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2009లో పెట్టిన పథకం ఇది. పదో తరగతి చదివితే మేలంటారు. ఎంపికచేసి శిక్షణ ఇచ్చేది జిల్లా న్యాయసేవాధికార సంస్థ. ఉచిత న్యాయసాయానికి దరఖాస్తు రాయించడం, రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్‌కు కేసులు తేవడం, ఆడవాళ్లకూ ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పనిలేకుండా వకీలును పెడతారని చెప్పడం వీళ్ల పని. ఇది ఉద్యోగం కాదు. పనిచేసిన రోజుకు గౌరవ వేతనం తప్ప నెలజీతం ఉండదు. లా విద్యార్థులు అడ్వకేటుగా ఎన్‌రోల్ (బార్ కౌన్సిల్‌లో నమోదు) అయ్యేదాకా ఇందులో చేరొచ్చు, చేరాలి కూడా. కక్షిదారు భయం ఎలా ఉంటుందో క్లాసులో తెలియదు.

ఇక అసలు పని నేర్పే చోటు వకీలు గుమాస్తా కుర్చీ. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఒక్క దావా ఫైలు ఎలా నడుస్తుందో చూడాలి. దావాను కోర్టు ఆఫీసు ఫైలింగ్ సెక్షన్‌లో ఇచ్చాక, ఏమేం ఉండాలో రాసిన చెక్ స్లిప్ ప్రకారం చూస్తారు. కోర్టు ఫీజు తక్కువ పడిందనో, షెడ్యూలులో (ఆస్తి వివరాల పట్టికలో) హద్దులు దస్తావేజుతో కలవడం లేదనో, నకలు మీద సంతకం లేదనో రిటర్న్ చేసి గడువిస్తారు. ఆ గడువులో సరిచేసి మళ్లీ వేయకపోతే ఆలస్యానికి ఇంకో పిటిషన్ వేసుకోవాలి. నంబరు పడ్డాక సమన్లు పంపడానికి బ్యాటా (ఖర్చు) కట్టాలి. అది మర్చిపోయి సమన్లు వెళ్లకపోతే ఆ ఒక్క కారణంతోనే దావా డిస్మిస్ కావచ్చు. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి ఊరుకోకూడదు, స్టాంపులు అడిగారేమో రోజూ చూడాలి, లేకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. 2022 ఆగస్టులో తెరిచిన బెజవాడ కొత్త కోర్టు భవనంలో ఒకే ఉదయం రెండు అంతస్తుల్లో వాయిదాలుంటే, ఎక్కడ ముందు పిలుస్తారో సీనియరుకు చెప్పేది గుమాస్తానే.

చెక్ బౌన్స్ కేసు చూడండి, మొత్తం తేదీల మీదే నిలుస్తుంది. చెక్కు చెల్లలేదని చెప్పే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అవతలివాళ్లకు మార్చి 5న అందిందనుకుందాం. డబ్బు కట్టడానికి వాళ్లకు 15 రోజులు, అంటే మార్చి 20 దాకా సమయం. మార్చి 18న ఫిర్యాదు వేస్తే తొందరపాటు, నిలవదు. 21 నుంచి నెలలోపు వేయాలి, అనుభవం ఉన్న ఆఫీసు ఏప్రిల్ రెండో వారం దాటనివ్వదు. నోటీసు ఎప్పుడు అందిందో చూపే పోస్టల్ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పోగొడితే ఈ లెక్క మొత్తం గాల్లో ఉంటుంది. ఈ ఒడుపు ఏ డిప్లొమాలోనూ రాదు. అయితే ఈ దారిలో మొదట్లో జీతం తక్కువ, పదేళ్ల పనితనం ఉన్నా కాగితం మీద అర్హత పెరగదు.

ఎల్‌ఎల్‌బీలో కాగితం దొరుకుతుంది, సంతకం హక్కు దొరుకుతుంది. ఇంటర్ తర్వాత ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీయా, డిగ్రీ చేసి మూడేళ్ల కోర్సా? మొదటిది ఏడాది ఆదా చేస్తుంది. కానీ బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మధ్యలో దిగే వీల్లేదు. మూడో ఏడాది ఆపేస్తే బీఏ కూడా చేతికి రాదు. ఇంట్లో ఐదేళ్లు చదివించే స్తోమత మీద అనుమానం ఉంటే మూడేళ్ల డిగ్రీ, ఆపైన మూడేళ్ల లా (3+3) క్షేమం. చేతిలో ఒక డిగ్రీ అయినా మిగులుతుంది, దానితో కోర్టుల్లో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగానికి పోటీపడొచ్చు. (టైపిస్టు పోస్టుకైతే టైపు హయ్యర్ సర్టిఫికెట్ అడుగుతారు, పారాలీగల్ డిప్లొమా అడగరు.)

ఐదేళ్ల కోర్సుకైనా మూడేళ్ల కోర్సుకైనా లా ప్రవేశపరీక్ష లాసెట్ రాయాలి. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. అందులో 60 ప్రశ్నలు లా ఆప్టిట్యూడ్‌వే, రాజ్యాంగం గట్టిగా చదివితే సగం బరువు దిగుతుంది. అర్హతకు 42 మార్కులు, ఎస్సీ ఎస్టీలకు కనీస మార్కుల పట్టింపు లేదు. కానూరులో సిద్ధార్థ, గుంటూరులో ఏసీ, జేసీ లా కాలేజీలు, నాగార్జున యూనివర్సిటీ అందుబాటులో ఉన్నాయి. దూరవిద్య ఎల్‌ఎల్‌బీ మన దేశంలో ఎన్‌రోల్‌మెంటుకు చెల్లదు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు నిబంధన ఉంది, 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ బయోమెట్రిక్ కూడా పెట్టమంది. కాబట్టి ఉద్యోగం చేస్తూ పరీక్షలకు వెళ్లొస్తే చాలన్న మాట నమ్మొద్దు. పూర్తయ్యాక ఎన్‌రోల్‌మెంటు ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. 2024 జులైలో సుప్రీంకోర్టు అంతకుమించి తీసుకోకూడదంది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష ఉంటుంది.

మా మాట సూటిగా చెబుతాం. ఇల్లు గడవడానికి ఈ నెల నుంచే డబ్బు కావాలంటే మంచి సివిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరండి, పక్కన రెగ్యులర్‌గా కాకపోయినా నిబంధనల ప్రకారం డిగ్రీ కట్టండి. చదువుకునే వీలుంటే ఎల్‌ఎల్‌బీయే, దానికి బదులు డిప్లొమా వద్దు. మూడేళ్ల కోర్సులో తప్పనిసరైన 12 వారాల ఇంటర్న్‌షిప్‌ను సంతకాల కోసం కాకుండా గుమాస్తా పక్కన కూర్చుని చేయండి. డిప్లొమా ఇప్పటికే ప్రజాసేవలో ఉన్నవాళ్లకు.

ఫీజు కట్టేముందు సర్టిఫికెట్లు వరుసగా పెట్టి చూసుకోండి: పది, ఇంటర్, డిగ్రీ. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో చేసిన డిగ్రీ లా కోర్సుకు చెల్లదు. లాసెట్ ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌లో ఈ సంగతి తెలిసి వెనుదిరిగేవాళ్లు ఉన్నారు. ఓపెన్ స్కూల్ ఇంటర్ రాసుకుని, ఆపైన డిగ్రీ చేసి రావడం ఒక్కటే అప్పుడు మిగిలే దారి.